పదకొండో భాగం

మూలగది అమ్మాయి బట్టలు మడిచి సంచిలో సర్దుకుంటోంది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

సాయానికి కాదు. గది తాళంచెవి కోసం.

"శుక్రవారం దాకా ఉండనివ్వండి పిన్నిగారూ. చేతిలో ఉన్న పని ఒక్కటీ తెమిలితే నేనే వెళ్ళిపోతాను."

"ఏం పనమ్మా అది?"

మడుస్తున్న దుప్పటి మీద అమ్మాయి చేయి ఆగింది.

"పైకి చెప్పుకునేది కాదండీ."

"చెప్పుకోలేని పని నా ఇంట్లో వద్దు."

అనేసింది గానీ ఇంటావిడ ఆ సంచి చూడలేక మొహం తిప్పుకుంది. ఎవరు సంచి సర్దినా ఆవిడకు అంతే. ఇరవై ఏళ్ళ కిందట మొగుడు ఇలాగే ఒక పొద్దున సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయాడు.

అందుకేనేమో, ముసలితనంలో ఆవిడకు ఫోన్లో సీరియల్స్ పిచ్చి పట్టుకుంది.

తోడికోడలు అంటించిన జబ్బు అది. మోకాళ్ళ నొప్పులతో మంచం మీద ఉంటే ఫోన్లో పెట్టి చేతికిచ్చింది. జపాన్ వాళ్ళ ప్రేమకథ.

"అక్కడి బొమ్మల పుస్తకంలోంచి తీశారక్కా. మాంగా అంటారు."

"ఏదైతే నాకేమే! ఆ పొడుగబ్బాయి తల దించుకుంటే నాకు అన్నం సయించడం లేదు."

ఆ కథల్లో పోయేవాళ్ళు గుమ్మంలో ఆగుతారు. వెనక్కి తిరిగి ఒక మాట అంటారు. ఆ మాట తెర కింద తెలుగులో పడుతుంది. "నువ్వు తలుపేసుకో, అప్పుడు వెళ్తాను" అని పొడుగబ్బాయి అన్న రోజు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తొమ్మిది భాగాలు అయ్యాయి. ఇంకా రెండున్నాయి. పొడుగబ్బాయి ఓడ ఎక్కేశాడు. తిరిగొస్తాడా, రాడా? అది తేలితే తన బతుకులోనూ ఏదో తేలుతుందని ఆవిడకు లోలోపల ఒక పిచ్చి ఆశ.

సరిగ్గా అప్పుడే మూలగది గోడలోంచి ఏడుపు మొదలైంది.

కథలో పొడుగబ్బాయి ప్రేమించిన పిల్ల ఏడుపే. తానింకా చూడని ఏడుపు. ఒక ముక్క ఏడ్చి ఆగుతుంది. మళ్ళీ అదే ముక్క. మళ్ళీ అదే. మధ్యమధ్య టకటకమని చప్పుడు.

అడిగితే, "చెవిపోటండీ. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దన్నారు డాక్టరు. కాస్త సన్నగా పెట్టుకుంటాను" అంది అమ్మాయి.

ఇంటావిడ తోడికోడలికి ఫోన్ చేసింది.

"ఒక్క ఏడుపు ఇరవైసార్లు వింటుందటే మనిషి?"

"నిన్ను ఉడికించడానికేమో అక్కా. నువ్వు చూడకముందే కథంతా గోడలోంచి చెప్పేస్తోంది."

"మతి చలించిందంటావా?"

"ఏదైనా గానీ ఇంట్లో ఉంచుకోకు. రేపు నీ మెడకు చుట్టుకుంటుంది."

ఇంటావిడ గది ఖాళీ చేయమని చెప్పేసింది. అలా వచ్చింది ఈ సోమవారం పొద్దు.

సంచి జిప్పు పడలేదు. అమ్మాయి మోకాలితో అదిమి లాగింది. తాళంచెవి ఇంటావిడ చేతిలో పెట్టింది.

"ఎక్కడికి వెళ్తావు?"

"ముందైతే స్టేషన్‌కండీ."

రెండడుగులు వేసి గుమ్మంలో ఆగింది.

"పిన్నిగారూ, మీరు చూసే ఆ కథలో చివర..."

ఇంటావిడ రెండు చెవులూ మూసుకుంది.

"ఆపు తల్లీ! నా కథ నేను చూసుకుంటాను. నీ నోట వినే ఖర్మ నాకేం పట్టలేదు."

అమ్మాయి తల ఊపి, మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం పదో భాగం వచ్చింది. గోడలోంచి చప్పుడు లేదు. ఇంటావిడ కాళ్ళు చాపుకుని చూసింది. ఆ ఏడుపు ఒక్కసారే వచ్చింది. కింద అక్షరాలు పడ్డాయి.

"వెళ్ళడం తప్పనను. చెప్పకుండా వెళ్ళావు చూడు, అదొక్కటే నాకు మింగుడు పడదు."

ఇరవై ఏళ్ళుగా తనకు నోట రాని మాట. ఆవిడ గోడకు చేరబడి, వెక్కిళ్ళు ఆగేదాకా ఏడ్చి, పేర్లు పడుతుండగా ఎప్పటిలాగే ఫోన్ కట్టేసింది.

శుక్రవారం పదకొండో భాగం వచ్చింది. పొడుగబ్బాయి వచ్చాడు. సంచితో గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. పిల్ల ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

ఉండిపోవడానికి వచ్చాడో, పోతానని చెప్పడానికి వచ్చాడో! తెర కింద ఒక్క తెలుగు అక్షరం లేదు.

"ఇదేమిటే, మాటలేవీ?" ఫోన్లో తోడికోడలి మీద దాదాపు అరిచింది ఇంటావిడ.

"ఇక రావక్కా. పదో భాగం చివర రాశారుగా, చూడలేదా?"

ఆవిడ పదో భాగం తీసి చివరికి జరిపింది. పేర్లన్నీ అయిపోయాక, నల్లటి తెర మీద చిన్న అక్షరాలు.

"ఎవరి అనుమతీ లేకుండా ఈ తెలుగు మాటలు ఊరికే రాస్తున్నదాన్ని, పేరు చెప్పుకోలేను. ఇవాళ గది ఖాళీ చేస్తున్నాను. చివరి భాగానికి మాటలు రాయలేను, క్షమించండి. గోడ అవతల ఒక పెద్దావిడ ఈ కథ చూస్తారు. ఆవిడ ఏడిస్తే వినిపించేది. మాట కుదిరిందని అప్పుడు తెలిసేది. ఆవిడ కోసమే ఒక్కో మాటా ఇరవైసార్లు విని రాశాను."

ఆ మాటలు రాసిన మూలగది అమ్మాయి సోమవారం పొద్దున పది గంటలకు మెట్లు దిగింది, మళ్ళీ రాలేదు.