మూడు వరుసలకొకటి

"గిది కప్పనా, బిడ్డా?"

మంచినీళ్లడిగి గడప దగ్గర నిలబడ్డ పెద్దామె చెంబు అందుకుంటూ అడిగింది.

"కప్ప గాదు, పిల్లి," అంది హన్నమ్మ, ఒళ్లో ఉన్న అల్లికను కొంగుతో కప్పేస్తూ.

పొద్దున దేవానందం కూడా కప్పే అన్నాడు. పెళ్లయి నెల కాలేదు, మొగుడు ఏమన్నా నవ్వే వస్తోంది.

ఈమె అంటే మాత్రం నవ్వు రాలేదు.

దేవానందం పంతులుగా ఉన్న నారాయణఖేడ్ మిషన్ బడిలోనే ఆడపిల్లలకు అల్లిక నేర్పే పంతులమ్మ కావాలి. ఆ కొలువు దొరికితే ఇద్దరికీ బడి వెనక రెండు గదులిస్తారు. అప్పటిదాకా అదే ఊళ్లో ఒక అద్దె గది. దొరక్కపోతే ఆయన మగపిల్లల హాస్టల్లో, తను కల్హేర్‌లో అత్త దగ్గర.

శనివారం బడి నడిపే మిస్సమ్మకు మొహం తుడుచుకునే నూలు గుడ్డ ఒకటి అల్లి చూపించాలి. మిస్సమ్మ ఇచ్చిన సీమ నమూనా కాగితంలో కుక్క బొమ్మ ఉంది. కుక్కను ఎవరైనా అల్లుతారు. హన్నమ్మ గళ్ల కాగితం మీద ఆ కుక్క మూతి కురచ చేసి, చెవులు నిక్కబెట్టి, తోక చుట్టి పిల్లిని చేసింది.

కాగితం మీద పిల్లి ముద్దొచ్చింది. గుడ్డ మీద చతికిలబడింది.

పైగా బీదర్ నుంచి ఒకామె దరఖాస్తు పెట్టిందట. ఇరవై ఏళ్ల అనుభవమట. కళ్లద్దాలు, చేతిలో గొడుగుతో హన్నమ్మ కలలోకి కూడా వచ్చింది.

"గళ్ల కాయితం మీద గీసుకున్నవా?" అంది పెద్దామె.

"నీకెట్ల తెలుసు?"

"పిల్లి బొమ్మ ఎవలిచ్చిన్రు?"

"ఎవలియ్యలే. కుక్కను మార్చి నేనే గీసిన."

పెద్దామె పీట పక్కన సగం కనిపిస్తున్న ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

బొమ్మను మనసులో అచ్చేసుకుంటోందా? హన్నమ్మ కాగితాన్ని పీట కిందికి తోసేసింది. ఆమెను పైనుంచి కిందికి చూసింది. తెగిన చెప్పులు, చంకలో మూట. కానీ చూపుడు వేలి మీద నూలు ఒరుసుకుని పడ్డ సన్నటి గీత. అలాంటిదే హన్నమ్మ వేలి మీదా ఉంది.

"యాడికెల్లి వస్తున్నవ్?"

"బీదర్‌కెల్లి."

హన్నమ్మ ఒళ్లోని అల్లికను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఎవలు పంపిన్రు నిన్ను?"

"నన్నెవలు పంపుతరు బిడ్డా," అంది పెద్దామె. "సూడు, గడి నాలుగు దిక్కుల సమానముంటది. కుట్టు అట్లుండదు. అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. గందుకే నీ పిల్లి అణిగింది. మూడు వరుసలకొకటి ఎక్కువేస్కో, లేసి కూసుంటది."

"అంటే ఇదంత ఇప్పాలె?"

"ఇప్పాలె."

"ఇయ్యాల గురువారం. ఎల్లుండి ఇచ్చేది."

"నీ చేతులు జల్దీ నడుస్తయి. అయితది."

ఇప్పుడు అర్థమైంది హన్నమ్మకు. అంతా విప్పించి, శనివారం ఉత్త చేతులతో నిలబెట్టాలని.

"నీళ్లు తాగినవ్ గద. ఇగ నడువు. మీ బీదరామెకు చెప్పు, హన్నమ్మ గంత పిచ్చిది గాదని."

పెద్దామె మూటను చంకలో సర్దుకుంది. చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం దేవానందం అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"నువ్వు ఓడాలని ఆమె అనుకుంటె కప్పను కప్పలెక్కనే ఉండనిస్తుండె గద?"

హన్నమ్మ దీపాన్ని దగ్గరికి జరుపుకుంది. తర్వాత గుడ్డ అంతా విప్పేసింది.

శుక్రవారం పొద్దు గూకే వేళకు పిల్లి లేచి కూర్చుంది. చెవులు, మెడ, చుట్టిన తోక, అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. హన్నమ్మ సంతోషం పట్టలేక దాని ముక్కు మీద ముద్దు పెట్టుకుంది. పెద్దామె కోసం బజారుదాకా వెతికి వచ్చింది. ఎవరూ చూడలేదన్నారు.

శనివారం మిస్సమ్మ గుడ్డను కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచి చూసింది.

"ఉద్యోగం నీదే, హన్నమ్మా."

"బీదరామె గుడ్డ సూడకుండనేనా, అమ్మా?"

"ఆమె గురువారం మధ్యాహ్నమే వచ్చింది," అంది మిస్సమ్మ. "'ఇరవై ఏండ్లు నేను కాయితంల ఉన్నదే అల్లిన, కుక్కను పిల్లి చేసిన పిల్ల మీ ఊళ్లెనే ఉన్నది, కొలువు ఆమెకియ్యిన్రి' అని చెప్పి, తన దరఖాస్తు వాపసు తీసుకొని కాలినడకన వెళ్లిపోయింది."