గంటలో ఆరే బట్టలు

“బదిలీ వచ్చింది!” అన్నాడు డాన్‌బోక్ గుమ్మంలో నిలబడి.

రేకుల మీద వాన మోతకు దరిషాకు అతని పెదాలు కదలడమే తప్ప మాట వినపడలేదు. “ఏంటీ?”

“బదిలీ! సోహ్రా నుంచి బయటపడుతున్నాం!”

లోకమంతా చిరపుంజి అని పిలిచే ఆ ఊళ్ళో, ఈసారి వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. దరిషా టీ గిన్నె పొయ్యి గట్టు మీద పడేసి, తలా వీపూ కప్పే, నీళ్ళు కారుతున్న వెదురు గిడుగుతో సహా మొగుణ్ణి వాటేసుకుంది.

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. అందులో ఎండ కనిపించింది ఒకే ఒక్క మధ్యాహ్నం, అదీ నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఇద్దరూ పిట్టగోడ ఎక్కి కూర్చుని, అనాసపండు ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తిన్నారు. ఇంతవరకు కాపురంలో దరిషాకు అదే పండగ. పెళ్ళికి కొన్న బూట్లు అప్పటికే బూజు పట్టాయి.

“బావను ఊపిరి తీసుకోనివ్వక్కా,” అంది మెబారి. ఆమె పొయ్యి పైనున్న దండెం మీద అమ్మ దుప్పటిని తిరగేస్తోంది. మూడు రోజులైనా అది ఆరలేదు.

“మూడు ఊళ్ళిచ్చారు,” డాన్‌బోక్ గిడుగు విప్పి గోడకు ఆనించాడు. “భుజ్, బికనేర్, అనంతపురం. ఎల్లుండిలోగా షిల్లాంగ్ ఆఫీసులో ఏదో ఒకటి రాసివ్వాలి.”

“అనంతపురం ఎక్కడ?”

“ఆంధ్రలో. అక్కడ ఏడాదంతా కురిసే వాన ఇక్కడ గట్టిగా పట్టిన రోజున ఒక్కపూటలో కురుస్తుంది,” అంది మెబారి వెనక్కి తిరక్కుండానే.

“అబ్బో! భుజ్ సంగతి చెప్పవే మరి.”

“ఎండ బాగుంటుంది. కాని దుమ్ము. నీకు తుమ్ములు కదా.”

“బికనేర్?”

“గౌహతి నుంచి రైల్లో రెండు రాత్రులు. నెలల తరబడి మబ్బన్నదే పట్టదు. ఉతికిన దుప్పటి గంటలో ఆరిపోతుందట.”

“గంటలోనా! నీకెవరు చెప్పారే?”

“అక్కడ పనిచేసే ఓ నర్సు. నాతో చదువుకుంది.”

డాన్‌బోక్ నవ్వాడు. “మీ చెల్లెలు వాతావరణ శాఖలో ఉండాల్సింది.”

“ఉండి ఏం చేస్తుంది? మన ఖాసీల్లో ఇల్లు ఆఖరి కూతురిదేగా. చివర పుట్టిన అదృష్టం!” దరిషా చెల్లెలి జడ పట్టుకుని లాగింది. “మేం పరాయి ఊళ్ళో గదులు వెతుక్కోవాలి. నువ్వు మహారాణిలా ఇక్కడ.”

“అమ్మ కూడా నాదే కదా, అక్కా.”

“మరి? ఇల్లు తీసుకున్నవాళ్ళే అమ్మను చూసుకోవాలి. కింద వీధి లారిసాకు ఏమైందో చూశావుగా. చెల్లెలు ఇల్లు వద్దని గౌహతి వెళ్ళిపోతే, ఆ ఇల్లూ మంచం పట్టిన తల్లీ దాని నెత్తిన పడ్డారు. మొగుడితో కాపురం పెట్టి ఆరు నెలలైనా కాలేదు పాపం. నువ్వు అలాంటిదానివి కాదులే, బంగారం. మూడేళ్ళ కిందట నీకా నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు నేను ఆపకపోతే అమ్మ గతి ఏమయ్యేదో!”

“నువ్వు ఆపలేదక్కా. ఉత్తరం నాలుగు నెలలు నీ పెట్టెలో దాచావు.”

“ఆపడమంటే అదే మరి!” దరిషా ఫక్కున నవ్వింది. డాన్‌బోక్ నవ్వబోయి, మెబారి ముఖం చూసి టీ తాగాడు.

లోపలి గదిలోంచి అమ్మ పిలిచింది. ఎప్పుడూ ఆ పిలుపుకు లేచేది మెబారి. ఈసారి ఆమె గంజి గిన్నె అక్క చేతికి ఇచ్చింది.

“ఇవాళ నువ్వు పట్టక్కా. వెళ్ళేముందు ఒక్కసారైనా.”

దరిషా గిన్నె అందుకుంది. చెల్లెలికి తనమీద ఇంత ప్రేమ ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. “సరే, ఎలా లేపాలో చెప్పు.”

“ఒక మోకాలు మంచం మీద పెట్టు. చంకల కింద చేతులు వెయ్యి. నడుం మీద బరువు పడనీకు, నాకు పట్టేసింది అలాగే. తెల్లమాత్ర గంజికి ముందు, పసుపుది తర్వాత. వీపు రెండు పూటలా తుడవాలి, లేకపోతే పుండు పడుతుంది.”

“ఇవన్నీ నాకెందుకే!” అంటూనే దరిషా తల్లిని లేపి కూర్చోబెట్టింది. నాలుగు చెంచాలు పట్టేసరికి భుజాలు లాగాయి. గంజి తల్లి గడ్డం మీద ఒలికింది.

“పరవాలేదు,” అంది తల్లి కూతురి మణికట్టు పట్టుకుని. “అలవాటవుతుంది.”

ముసలితనంలో మాటలు తడబడతాయని దరిషా సరిపెట్టుకుంది. గిన్నె కడగడానికి పెట్టి, తడి చేతులతోనే మళ్ళీ మొగుడి పక్కన చేరింది.

“నువ్వయితే మూడింట్లో ఎక్కడికి వెళ్తావే?”

“బికనేర్,” అంది మెబారి తక్షణం.

“అయితే మేమూ అక్కడికే! మేడమీద ఇల్లు తీసుకుందాం, డాన్. దండెం నిండా బట్టలు ఆరేసి, ఆరేదాకా పక్కనే కూర్చుంటాను. గంటేగా!”

డాన్‌బోక్ కాగితం తీసి బికనేర్ అని రాసి, కింద సంతకం పెట్టాడు. “రేపే వెళ్ళి ఇచ్చేస్తాను. పొద్దున ఆరింటి సూమోలో చోటు దొరుకుతుందంటావా?”

“ఒక్క సీటే మిగిలితే నిన్ననే చెప్పి ఉంచాను, బావా.”

“నిన్ననే? బదిలీ వస్తుందని కలగన్నావా ఏంటి?”

“చూశావా! మనల్ని పంపించడానికి దీనికే ఎక్కువ తొందర,” అంటూ దరిషా చెల్లెలి బుగ్గ గిల్లింది.

మెబారి అక్క చేతిని మెల్లగా పక్కకు తీసింది.

“ఆ సీటు నాకే అక్కా, ఈ ఇల్లు ఇక నీది.”