ఈదమ్మ పేర చీటీ

"ఎన్ని నెలల సంది?" అని యోహాను డాక్టరు అడిగాడు.

"ఆరు నెలలైతుంది సారూ." చెన్నయ్య గొంతు తగ్గించాడు. గుమ్మం పక్క బల్ల మీద మిలిట్రీ సిపాయి ఒకడు కాలికి కట్టు కట్టించుకుంటున్నాడు. పోలీసు చర్య జరిగి రెండు నెలలు దాటినా ఇబ్రహీంపట్నంలో వాళ్ల సందడి తగ్గలేదు.

సిగ్గు చంపుకుని చెన్నయ్య సంగతంతా చెప్పాడు. ఇంటామెకు అన్నాడు. రొమ్ము మీద, సరిగ్గా మొన దగ్గర గజ్జిలా మొదలైందట. పసుపు, వేపాకు, గంధకం అన్నీ పూశారు. ఎండినట్టే ఎండి మళ్లీ రసి కారుతోంది.

డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. రెండు పక్కలా? కాదు, ఎడమ పక్కే. మొన లోపలికి పోయిందా? పోయింది. చంకలో గడ్డ? చెన్నయ్య గొంగడి దగ్గరికి లాక్కుని, ఉందన్నాడు. పిల్లలకు పాలిస్తోందా అంటే లేదన్నాడు.

డాక్టరు కలం కింద పెట్టాడు. "గిది గజ్జి కాదు చెన్నయ్యా, రాచపుండు. తోలు మీద గజ్జి లెక్క కనవడి లోపల తింటది. పదేండ్లల్ల ఇసుంటిది ఒక్కటే చూసిన. మలాముతోని తగ్గదు. పట్నం పెద్ద దవాఖానల కోసి తియ్యాలె. ఎంటనే తోల్కపో."

"పట్నం బాటల బొంగులూరు కాడ మిలిట్రోళ్లు ఆపుతున్నరు గద సారూ."

"మొగోళ్లనే అంగీలిప్పి చూస్తున్నరు. గాయం కనవడితే తుపాకి దెబ్బని, కమ్యూనిస్టు సంఘపోడని లారీ ఎక్కిస్తున్నరు. ఆడోళ్ల జోలికి పోరు. చీటీ రాసిస్త. పేరు?"

చెన్నయ్య సిపాయి వైపు చూశాడు. "ఈదమ్మ" అన్నాడు.

చీటీ చేతికొచ్చినా అతను కదల్లేదు. "ఆమె రాదు సారూ. జర మలామే ఇయ్యుండ్రి."

డాక్టరుకు ఒళ్లు మండింది. "నీ ఇజ్జత్ కోసం పెండ్లాం పాణం తీస్తవా?"

చెన్నయ్య తల దించుకున్నాడు. మలాము డబ్బా గొంగడి కొసన కట్టుకుని, బాట వదిలి పొలం గట్ల మీదుగా ఇల్లు చేరాడు.

ఈదమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, డాక్టరు ఏమన్నాడని అడిగింది. తగ్గుతుందన్నాడని చెప్పి, చెన్నయ్య ఆ చీటీ తీసి పొయ్యిలో వేశాడు. పాపం, ఆమె నమ్మింది. మలాము డబ్బా అందుకుని తలుపు దగ్గరికి వేసింది.

ఈదమ్మ మొగుడి అంగీ విప్పి, ఎడమ రొమ్ముకు మలాము రాసింది.