నిమ్మగడ్డి వాసన

"ముందు నువ్వే తాగాలి పోనియెమ్ అవ్వా, అందరికంటే పెద్దదానివి!" కొత్త కుళాయి తిప్పుతూ అన్నాడు పేట పెద్ద సుగెంగ్. పక్కన నగరపాలక అధికారి ఫొటోకి నిలబడ్డాడు.

మా అమ్మమ్మ దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. ఆగిపోయింది.

"నిమ్మగడ్డి వాసన వస్తోందే," అంది నాతో మెల్లగా.

ఇండోనేసియాలోని సురబాయాలో, నది గట్టు మీది మా పేటలో, తాగే నీళ్లలో నిమ్మగడ్డి వేసేది మా అమ్మమ్మ ఒక్కతే. ఆ నీళ్లు నేను అవతలి వీధి నుంచి మోసుకొచ్చి ఇంట్లో డ్రమ్ములో నింపుతాను. "రేపు కుళాయి వస్తుంటే ఈ డ్రమ్మెందుకు?" అంటూ నిన్న సుగెంగ్ దాన్ని నిండుగా ఉండగానే మోయించుకుపోయాడు.

కుళాయి ఉన్న గోడ వెనక్కి తొంగిచూశాను. మా నీలం డ్రమ్ము ఎత్తు మీద ఉంది, దాని నుంచి కుళాయికి గొట్టం తగిలించి.

"నీళ్లెలా ఉన్నాయవ్వా?" అడిగాడు అధికారి.

"బాగున్నాయి."

అందరూ చప్పట్లు కొట్టారు.

"నా మనవరాలు మోసినవి కదా," అన్న మాట నాకొక్కదానికే వినిపించింది.