గడ్డానికి గడువు

"ఎట్లుంది లింగన్నా?" అని అడిగాడు తీతు, సెలూన్ అద్దం ముందు నిలబడి గడ్డాన్ని నిమురుకుంటూ.

"హుందగుంది," అన్నాడు లింగమూర్తి, కుర్చీలో ఉన్నవాడి మెడ మీద మిషన్ నడుపుతూనే. "పెద్దమనిషి లెక్క కనవడ్తున్నవ్."

"మంచిగ చూడు. చెదలు పట్టిన గోడ లెక్క లేదా?"

"అమ్మ పోయిన మనిషివి. నేనేమన్న అంటే నా నోరు పడిపోతది."

తీతు నిట్టూర్చాడు. ఇరవై ఏళ్లుగా తన జుట్టు కత్తిరిస్తున్నవాడే సమయానికి ఇంత మర్యాద చూపిస్తాడని అతడు ఊహించలేదు.

తీతు తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తూనే చర్చిని విడిచి మోషే ధర్మశాస్త్రాన్ని పట్టుకున్నవాడు. గోదావరిఖనిలో యూదుల ఆచారాలు పాటించే ఇళ్లు మూడంటే మూడు. పేర్లు మాత్రం చర్చి నాటివే మిగిలాయి. ఆ శాస్త్రం ప్రకారం, తల్లి పోయిన కొడుకు గడ్డం తీయరాదు. ఎన్నాళ్లంటే, నెల దాటి, ఆపైన స్నేహితులు "ఏమిటీ అవతారం" అని మందలించేంతవరకు. మిత్రుడన్నవాడు తిట్టకుండా ఎన్నాళ్లుంటాడని ఆ ప్రాచీన పండితుల ధీమా. వాళ్లకు గోదావరిఖని మర్యాద తెలియదు.

తల్లి సారవ్వ పోయి రెండు నెలలైంది. ఒక్క పురుగైనా తీతును తిట్టలేదు. అడిగి తిట్టించుకుంటే అది తిట్టు కాదు, ఉపకారం అవుతుందని తీతు తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఇవాళ పొద్దు గూకితే పస్కా పండుగ. పండుగ వారమంతా క్షౌరం నిషిద్ధం. ఆ వెంట నడిచే, రోజులు లెక్కపెడుతూ క్షౌరం మానే లెక్కింపు దినాలు కూడా కలిస్తే నెల పైచిలుకు. ఈ లోపల, పండుగ నాలుగో రోజున, తీతు పనిచేసే గని రెస్క్యూ టీంకు మాస్కు పరీక్ష. గడ్డమున్న ముఖానికి మాస్కు అతుక్కోదు, సందులోంచి విషవాయువు దూరుతుంది. అతుక్కోనివాడికి టీంలో చోటు లేదు. పద్నాలుగేళ్లుగా పొగ నిండిన బాయిలోకి దిగి మనుషుల్ని భుజాన వేసుకొచ్చిన తీతుకు అంతకు మించిన పదవి ఈ భూమి మీద గాని, భూమి కింద గాని తెలియదు.

అతడు చౌరస్తాకు నడిచి, కొత్తగా వెలిసిన చాయ్ బండి ముందు ఆగాడు.

"కూసోండ్రి స్వామీ," అంది బండి నడిపే మల్లక్క. హనుమాన్ దీక్షల కాలం. ఆమె దృష్టిలో ప్రతి గడ్డమూ కొండగట్టుకు పోయే గడ్డమే. "గిలాస మళ్లొకసారి కడిగి ఇస్త."

"నేను స్వామిని కాదక్కా. మాల ఏదీ?"

"అసలు స్వాములే గట్లంటరు. ఎంత అణకువ."

ఫోను మోగింది. భార్య సుసన్నా.

"ఎవరన్న తిట్టిన్రా?"

"లేదు. ఈడ దండం పెడ్తున్నరు."

"పోనీ నేను తిట్టన్నా?"

"నువ్వు రోజు తిట్టుడే గద. దోస్తులు తిట్టాలెనని ఉంది, పెండ్లామని లేదు."

"గంటల పొద్దు గూకుతది. ఏదన్న జల్ది చూస్కో."

ఫోను పెట్టేసేసరికి ఎదురుగా ఒక బండి ఆగింది. దిగినవాడు సదయ్య.

సదయ్య, తీతు ఒకప్పుడు సారవ్వ పెట్టిన కూడు ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒకే తాడు పట్టుకుని పొగలోకి దిగినవాళ్లు. ఆరేళ్ల కిందట యూనియన్ ఎన్నికల మహాసంగ్రామంలో చెరో జెండా పట్టారు. గెలిచిన నాయకుడు, ఓడిన నాయకుడు మర్నాడే కలిసి చాయ్ తాగారు. వీళ్లిద్దరి మధ్య మాత్రం మాట పోయింది. సారవ్వను మట్టి చేసిన రోజున కూడా సదయ్య శ్మశానం గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేరుగా వచ్చి, చేతులు కట్టుకుని, చూపు నేల మీద నిలిపి, మొదలుపెట్టాడు.

"ఏందిరా ఆ మొకం? అడివి పందికి నీకు ఫరక్ ఏంది? మూతి ఏడుందో కనవడకపోతే బువ్వ పెట్టేటోళ్లు ఎట్ల పెడ్తరు? ఏడ్సింది సాలు. ఇగ లేచి, గడ్డం తీసి, మనిషి లెక్క తిరుగు."

ఎక్కడా తడబడలేదు. ముగించి, బండెక్కి వెళ్లిపోయాడు.

"స్వామిని పట్టుకొని గట్లంటడా? మట్టి కొట్టుకపోతడు," అంది మల్లక్క.

తీతు వెంటనే సుసన్నాకు ఫోను చేశాడు.

"తిట్టిండు."

"ఎవరు?"

"సదయ్య."

"దోస్తు తిట్టాలె గదా. ఆయన దోస్తెట్లయితడు?"

"పగోడైతే నా గడ్డం చూసి మురుసుకుంట పోతుండె. నేను టీంలకెళ్లి పోతే వానికి పండుగ. తిట్టిండంటే…"

"తిట్టిండంటే?"

ఆరేళ్లుగా వాడని మాట.

"దోస్తే."

పొద్దు వాలుతుండగా అతడు లింగమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. "కత్తి ముట్టియ్యకు, మా ధర్మం ఒప్పదు. మిషన్ పెట్టి నున్నగ చెయ్యి. మా దోస్తు తిట్టిండు."

మిషన్ ఆగాక లింగమూర్తి అద్దంలోకి చూసి, దాచుకున్న సత్యాన్ని బయటపెట్టాడు. "ఇప్పుడు జెప్త తీతూ. శాన పాడుగుండె."

తీతు నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. రెండు నెలల్లో అతడు నవ్వడం అదే మొదలు.

అదే సమయానికి సదయ్య శ్మశానం గేటు దాటి, సారవ్వ సమాధి ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని తేల్చుకుని గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పోయేముందు నేర్పినట్టే తిట్టిన, అవ్వా."