మంచం కింద చెప్పులు

అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇళ్ళలో నా సామాను సర్ది, ఎవరో కాపురం ఉంటున్నట్టు చూపించడం నా పని. ఈ ఇల్లు ఆలుమగలు విడిపోయి అమ్మేస్తున్నది. నాతో మాట్లాడింది ఇంటావిడ ఒక్కతే. ఎప్పటిలాగే బల్ల మీద రెండు కప్పులు, మంచం మీద రెండు దిండ్లు, మంచం కింద మగవాళ్ళ చెప్పులు పెట్టాను.

కాళ్ళూ చేతులూ కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వస్తే హాల్లో ఒకాయన నిలబడి ఉన్నాడు. కొనడానికి వచ్చాడనుకున్నాను.

“మొహమాటపడకండి సార్, రండి. పడగ్గది చూశారంటే ఇక కదలరు!”

చూశాడు. చెప్పులను చూశాడు, తడి కాళ్ళతో ఉన్న నన్నూ చూశాడు.

“బాగుంది,” అని మెట్లు దిగిపోయాడు. తర్వాత చూస్తే బల్ల మీద తాళంచెవి ఉంది. మర్చిపోయాడనుకున్నాను.

కాసేపటికి ఇంటావిడ ఆయాసపడుతూ వచ్చింది. ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

“అన్నయ్యా, మీ సామాను తీసుకెళ్ళిపోండి. ఇల్లు అమ్మట్లేదు! కలిసే ఉందామని మా ఆయన ఫోన్ చేశాడు. ఇక్కడికే వస్తున్నాడు. మీతో ఇల్లు సర్దించిన సంగతి ఆయనకు తెలీదు, చూస్తే నవ్వుతాడు.”

అంతలో తాళంచెవి చూసింది.

“ఇది ఆయనదే! వచ్చాడా? ఏమన్నాడు?”

“బాగుందన్నాడమ్మా.”

ఆవిడ ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. అవతల ఎవరూ ఎత్తలేదు. నేను వంగి మంచం కింది చెప్పులు తీశాను.