పిచరు మీద ఫిర్యాదు

"షీల్డు తెస్తే ఉద్యోగం ఉంటుంది. తేకపోతే వచ్చే ఏడు ఇంకో టీచర్ని చూసుకుంటాం."

బడి కమిటీ పెద్ద హాల్వర్ స్టెన్‌రుడ్ ఈ మాట మిస్ పామర్ మొహం మీదే అనేశాడు. పాపం, ఆమె మా లార్క్‌హిల్ బడికి వచ్చిందే ఈస్టర్ తర్వాత. అది పందొమ్మిది వందల ముప్ఫై నాలుగో సంవత్సరం. కెనడాలోని మా సస్కాచువాన్‌లో పంటలన్నీ దుమ్ములో కలిసిపోయాయి. ఆమె జీతం మీదే ఇంటి దగ్గర నలుగురు తమ్ముళ్ళు తింటున్నారు. అయితేనేం, సాఫ్ట్‌బాల్‌లో సాల్ట్‌పాండ్ బడి చేతిలో పదమూడేళ్ళుగా తన్నులు తింటున్న మాకు జాలెక్కడిది?

మా బడి మొత్తం ఒకటే గది, తొమ్మిది మంది పిల్లలు. ఆటకి కావలసిందీ తొమ్మిది మందే. ఒక్కరు తగ్గినా ఆడకుండానే ఓడినట్టు. అందుకే ఒకటో తరగతి చదివే స్టెఫా అనే బుడ్డదాన్ని కూడా తీసుకెళ్ళి మైదానం చివర నిలబెట్టేవాళ్ళం. బంతి అటు వెళ్ళకపోతే చాలని దండం పెట్టుకునేవాళ్ళం.

జూన్‌లో ఆటలపండగ వచ్చింది. బహుమతి ఇవ్వడానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. దారుల్లో దుమ్ము వంక పెట్టుకుని ఆ ఏడు ఆయన మా బడివైపు తొంగి కూడా చూడలేదు. మావైపు గట్టున ఒక కుర్చీ వేశారు. అందులో నల్లటోపీ, పొడుగు గౌను, మెడలో ఈల, పెట్టె మీద చాపిన, కట్టు కట్టిన కాలు. మెట్టు మీద జారిందని మా ఆడవాళ్ళు అడిగినవాళ్ళకి చెప్పారు. అడగనివాళ్ళకీ చెప్పారు.

ఇక బంతి విసిరే మా పిచరుంది చూశారూ! రెండు జడలు, మోకాలి దాకా గౌను, మాసిన మేజోళ్ళు. చేతిలోంచి బంతి వదిలితే సాల్ట్‌పాండ్ పిల్లలు గాలిని కొట్టి వెనక్కి పోవడమే. అరగంటలో ఎనిమిది మంది అలా పోయారు.

మధ్యలో స్టెఫా చెయ్యెత్తింది. పిచరు బంతి ఆపి తలూపింది. స్టెఫా దొడ్డివైపు పరుగెత్తింది.

"అదేమిటీ, ఆ బుడ్డది పిచర్ని అడుగుతుందేం?" అన్నాడు సాల్ట్‌పాండ్ కమిటీ పెద్ద డంకన్ మెక్‌ఫేల్.

"ఆటలో కెప్టెన్‌దే మాట. మా బడి రూలండీ," అని కుర్చీలోంచి జవాబు వచ్చింది.

మెక్‌ఫేల్ ఊరుకునే రకమా? ఆట ఆపించి, ఇన్‌స్పెక్టర్ని చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి లాక్కొచ్చాడు.

"అయ్యా, ఇది మోసం! ఈ పిల్ల బడిపిల్ల కాదు. పట్నం జట్టులోంచి ఎవర్నో పట్టుకొచ్చి జడలేసి దింపారు. బడి మానేసి ఎన్నేళ్ళయిందో ఏమో!"

"నోరు పారేసుకోకు డంకన్," అన్నాడు స్టెన్‌రుడ్. ఆ పైన ఆకాశంకేసి చూసి, "వాన పడేలా ఉందే," అన్నాడు. మూడేళ్ళుగా మాకు చుక్క వాన లేదు. మా ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కేకులు కొయ్యడంలో పడ్డారు.

ఇన్‌స్పెక్టర్ కళ్ళద్దాలు సర్దుకుని కుర్చీవైపు తిరిగారు. "రిజిస్టర్లో ఈ అమ్మాయి పేరేమిటి టీచరమ్మా?"

"ఫ్రీడా హెన్‌కెల్ అండీ. ఎనిమిదో తరగతి."

"ఖాయంగా తెలుసా?"

"ఆ పేరు నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ!"

"పేరెవరైనా చెబుతారు," అన్నాడు మెక్‌ఫేల్. "లెక్క అడగండి. భిన్నాల లెక్క. బడి మానేసినవాళ్ళకి ముందు మర్చిపోయేది అదే."

ఇన్‌స్పెక్టర్‌కి ఈ మాట నచ్చింది. "ఒక రైతు పొలంలో అయిదింట రెండు వంతులు గోధుమ వేశాడు. మిగిలినదాంట్లో సగం ఓట్స్. ఇంకా మిగిలింది నలభై ఎనిమిది ఎకరాల బీడు. పొలం మొత్తం ఎంత?"

"నూట అరవై," అంది పిచరు, బంతి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి విసురుకుంటూ. "గోధుమ అరవై నాలుగు, ఓట్స్ నలభై ఎనిమిది. ఈ కరువులో ఏదీ పండదనుకోండి, అది వేరే సంగతి."

జనం గొల్లుమన్నారు. మెక్‌ఫేల్ మొహం బీట్‌రూట్ అయిపోయింది.

"సరిపోయిందా టీచరమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టర్, కుర్చీవైపు చూసి.

నల్లటోపీ ఇంకాస్త కిందికి దిగింది.

"తను చెప్పిందంటే సరిగ్గానే ఉంటుందండీ."

"చూశారా, ఎంత నమ్మకమో!" అని ఆయన మురిసిపోయారు. "ఇది బడిపిల్ల కాకపోతే ఇంకెవరు బడిపిల్ల? ఆడండి, ఆడండి!"

ఆ తర్వాత చెప్పేదేముంది! ఒకటి, రెండు, మూడు. మూడు బంతులూ తప్పిపోయి సాల్ట్‌పాండ్ ఆఖరి పిల్లాడు బ్యాటు నేలకేసి కొట్టి ఏడుపు మొదలెట్టాడు. పదమూడేళ్ళ తర్వాత షీల్డు మా చేతికొచ్చింది. అరిచి అరిచి మా గొంతులు పోయాయి.

స్టెన్‌రుడ్ కుర్చీ దగ్గరికెళ్ళి, ఊరంతా వినేలా, "మిస్ పామర్, వచ్చే ఏడూ ఉద్యోగం నీదే!" అని ప్రకటించాడు. కుర్చీ కదల్లేదు గానీ, పిచరు మాత్రం గంతులేసి స్టెఫాని ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది.

ఇళ్ళకి బయల్దేరే వేళ, కుంటికాలుతో బండెక్కలేక అవస్థపడుతున్న నల్లటోపీని పిచరు వచ్చి భుజం పట్టి ఎక్కించి, తనూ పక్కనే కూర్చుంది.

బండి మలుపు తిరిగిందో లేదో, టోపీ కింది నుంచి ఏడుపు గొంతు వినిపించింది: "భిన్నాల పాఠం చెప్పిన రోజు నేను బడికి రాలేదు కదండీ టీచర్, సరిపోయిందా అని ఆయన నన్నడిగేసరికి పైప్రాణాలు పైనే పోయాయి!"